అయోర్టా ఎంత సాగుతోందో కొలిస్తే, అది పగులుతుందో లేదో తెలుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి 68 ఏళ్లు, ఉండేది చీపురుపల్లి దగ్గర. కిడ్నీలో రాయేమోనని స్కానింగ్ చేయిస్తే రాయి లేదుగానీ పొట్టలో అయోర్టా, అంటే గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం, ఉబ్బి 4.4 సెం.మీ. ఉందని రాశారు. తర్వాత ఎక్కడో హెల్త్ క్యాంపులో చేతులకీ కాళ్లకీ పట్టీలు కట్టి ‘పల్స్ వేవ్ వెలాసిటీ 13, రక్తనాళాలు బాగా గట్టిపడ్డాయి’ అని కాగితం చేతిలో పెట్టారు. హైదరాబాద్‌లో ఉండే మీ బావగారు నెట్‌లో చదివి, అయోర్టా ఎంత సాగుతోందో కొలిస్తే పగిలే ప్రమాదం ముందే తెలిసిపోతుందట, ఆ టెస్టు చేయించేయండి అన్నారు. అది శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చేస్తారా, వైజాగ్ పోవాలా, ఆ 13 చూసి భయపడాలా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. సాగే గుణాన్ని కొలవొచ్చు. కానీ ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఆ అంకె చూసి ఎవరూ నిర్ణయించరు. ఈ రోజుకీ ప్రధానంగా చూసేది ఉబ్బు సైజు, అది పెరిగే వేగం, నొప్పిలాంటి లక్షణాలేమైనా ఉన్నాయా అన్నది. కాబట్టి ఆ టెస్టు కోసం మీరు వైజాగ్ బస్సెక్కక్కర్లేదు. ఇక ఆ 13 అన్నది మీ నాన్నగారి ఉబ్బు గురించి చెప్పే అంకే కాదు. దాని సంగతి కింద రాస్తాను.

నేను రేడియాలజిస్టుని. శ్రీకాకుళంలో 19 ఏళ్లుగా స్కానింగ్ చేస్తున్నాను. పీజీలో నా థీసిస్ కూడా ఇదే, అన్యూరిజం (రక్తనాళం ఇలా ఉబ్బడం) ఉన్నవాళ్లలో అయోర్టా గోడ ఎంత సాగుతుందో అల్ట్రాసౌండ్‌తో కొలవడం. ఏడాదిన్నర పాటు ఆ పని మీదే ఉన్నాను కాబట్టి అందులో ఎన్ని తిప్పలున్నాయో తెలుసు. ఎవరైనా ‘సింపుల్ టెస్టు’ అంటే నాకు నవ్వొస్తుంది.

అసలు అయోర్టా గోడలో ఏముందో ముందు చూద్దాం. అందులో రెండు రకాల పోగులుంటాయి. ఎలాస్టిన్ ఒకటి, కొలాజెన్ ఒకటి. ఎలాస్టిన్ అంటే నిక్కరు నడుముకి వేసే ఎలాస్టిక్ లాంటిది, లాగితే సాగి వదిలితే వెనక్కి వస్తుంది. కొలాజెన్ అదే నిక్కరులో దోపిన బొందు లాంటిది. బలంగా ఉంటుంది, కానీ సాగదు. మామూలు అయోర్టాలో గుండె కొట్టిన ప్రతిసారీ ఎలాస్టిన్ సాగి, రక్తాన్ని సర్దుకుని, మళ్లీ ముడుచుకుని ముందుకు తోస్తుంది. బొందు వదులుగానే పడి ఉంటుంది. ఇబ్బందేమిటంటే ఎలాస్టిన్ పెరిగే వయసులోనే తయారవుతుంది. పెద్దయ్యాక శరీరం దాన్ని కొత్తగా దాదాపు చేసుకోలేదు. పొగాకు, వయసు, బీపీ, లోపలి వాపు అన్నీ కలిసి దాన్ని కొరికేస్తే, గోడ బరువంతా కొలాజెన్ మీద పడుతుంది. అప్పుడు నాళం వెడల్పవుతుంది, సాగడం తగ్గుతుంది. అన్యూరిజం ఉన్న అయోర్టా మామూలుదాని కంటే గట్టిగా ఉంటుందన్నది అందరూ ఒప్పుకునే మాటే. మీ బావగారు చదివింది అక్కడిదాకా కరెక్టే.

పొట్టలో అయోర్టా మామూలుగా 2 సెం.మీ. అటూఇటూ ఉంటుంది. 3 దాటితే అన్యూరిజం అంటాం. ఇప్పుడు సాగే గుణాన్ని ఎలా కొలుస్తామో చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

పేషెంటుని పొద్దున్నే పరగడుపున రమ్మంటాం. చద్దన్నం తిని వస్తే పేగుల్లో గ్యాస్ అడ్డొచ్చి అయోర్టా కనపడదు. పది నిమిషాలు పడుకోబెట్టి, చేతికి బీపీ చూస్తాం. బొడ్డుకి పైన జెల్ రాసి, ప్రోబ్‌ని నిలువుగా పెట్టి, కిడ్నీ నాళాలు విడిపోయే చోటుకి కింద ఉబ్బు ఎక్కడ ఎక్కువుందో వెతుకుతాం. అక్కడ ఎం-మోడ్, అంటే కదలికని గీతగా చూపించే బటన్, నొక్కితే తెర మీద రెండు గీతలు అలల్లా కదులుతూ పోతుంటాయి. పై గీత ముందు గోడ, కింది గీత వెనక గోడ. గుండె కొట్టినప్పుడు రెంటి మధ్య దూరం కాస్త పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. మామూలుగా ఊపిరి వదిలి ఒక్క క్షణం ఆగమంటాం. ఆ క్షణంలో ఫ్రీజ్ చేసి, కాలిపర్‌తో (తెర మీద దూరం కొలవడానికి పెట్టే చుక్కలు) పెద్ద దూరం, చిన్న దూరం కొలుస్తాం. కనీసం ఐదు బీట్లు తీసుకుని సగటు వేస్తాం.

లెక్క కష్టమేమీ కాదు. పై బీపీలోంచి కింది బీపీ తీసేసి, దాన్ని నాళం వెడల్పుతో గుణించి, వెడల్పులో వచ్చిన తేడాతో భాగించాలి. 1960లో పీటర్సన్ బృందం ఇచ్చిన సూత్రం ఇది. అంకె ఎంత పెద్దదైతే గోడ అంత గట్టిది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి బీపీ 120/80, అయోర్టా 16 మి.మీ., ప్రతి బీట్‌కీ 1.6 మి.మీ. సాగుతుంది అనుకోండి. 40 ఇంటూ 16, బై 1.6. నాలుగు వందలు. మీ నాన్నగారి లాంటి మనిషికి బీపీ 150/90, ఉబ్బు 45 మి.మీ., సాగేది 0.7 మి.మీ. అనుకోండి. 60 ఇంటూ 45, బై 0.7. సుమారు 3860. కుర్రాడి దానికి దాదాపు పది రెట్లు!

ఇది చూడగానే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఇప్పుడు అదే పేషెంటుని ఐదు నిమిషాలాగి మళ్లీ కొలవండి. ఈసారి 0.5 మి.మీ. వస్తే లెక్క 5400. మూడోసారి 0.9 వస్తే 3000. అదే మనిషి, అదే ఉబ్బు, అదే డాక్టరు. మామూలు మెషీన్ మీద కాలిపర్ చుక్క గోడ గీతలో ఈ అంచున పెట్టామా ఆ అంచున పెట్టామా అన్నదానికే అర మిల్లీమీటరు తేడా వస్తుంది. మనం కొలవాలనుకునే కదలిక ఎంతో, కొలిచేటప్పుడు చేసే పొరపాటూ దాదాపు అంతే. థీసిస్ రోజుల్లో నేను మధ్యాహ్నం వేసిన రీడింగులకీ పొద్దున్న వేసినవాటికీ పొంతన కుదరక, మా సార్ దగ్గర నిలబడి తిట్లు తిన్న రోజులున్నాయి. చివరికి ఆయనే వచ్చి కొలిచారు. ఆయనకి ఇంకో అంకె వచ్చింది.

దీనికి మంచి పరికరాలు లేవా అంటే ఉన్నాయి. ఎకో-ట్రాకింగ్ అని గోడ కదలికని మిల్లీమీటరులో వందో వంతు దాకా పట్టే పద్ధతి ఉంది. ఎంఆర్ఐలో సినీ బొమ్మలు, అంటే కదిలే బొమ్మలు, తీసి ప్రతి బీట్‌కీ అయోర్టా అడ్డకోత ఎంత పెరిగిందో చూడొచ్చు. ఈసీజీతో జతచేసి సీటీ తీసినా చూడొచ్చు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఉబ్బు లోపల నాడి అల ఎలా ప్రయాణిస్తుందో అల్ట్రాసౌండ్‌తోనే బొమ్మ కట్టే పద్ధతి మీద చాలాకాలంగా పని చేస్తున్నారు. ఇవన్నీ పరిశోధనకి పనికొచ్చేవి. మన జిల్లాల్లో రోజువారీ స్కానింగ్ సెంటర్‌లో అడిగితే దొరికేవి కావు.

పరికరం ఎంత మంచిదైనా ఇంకో చిక్కు మిగిలే ఉంటుంది. బీపీ చూసేది చేతికి, కొలిచేది పొట్టలో. చేతిలో ఉండే బీపీ, అయోర్టాలో ఉండే బీపీ ఒకటి కావు. పైగా చాలా ఉబ్బుల్లో గోడకి లోపల గడ్డకట్టిన రక్తం పొరలా పేరుకుని ఉంటుంది. అది గోడ కదలికని మింగేస్తుంది. అప్పుడు మనం కొలిచింది గోడ గట్టిదనమా, గడ్డ గట్టిదనమా?

ఇక ఆ 13 సంగతి. పల్స్ వేవ్ వెలాసిటీ అంటే గుండె కొట్టినప్పుడు పుట్టే అల నాళాల వెంట సెకనుకి ఎన్ని మీటర్లు పోతుందో చెప్పే అంకె. గొట్టం గట్టిదైతే అల వేగంగా పోతుంది. మెడ దగ్గర, గజ్జ దగ్గర నాడి పట్టి కొలిచే పద్ధతిలో 10 దాటితే ఎక్కువ అంటారు. చేతికీ కాలికీ పట్టీలు కట్టే మెషీన్ వేరు. అందులో అల చేతి నాళాల్లోంచి, కాలి నాళాల్లోంచి కూడా పోతుంది కాబట్టి అంకె ఎక్కువే వస్తుంది, దానికి 10 అన్న గీత వర్తించదు. మీ నాన్నగారికి ఆ రోజు క్యాంపులో బీపీ 164 అని మీరే రాశారు. బీపీ పెరిగితే ఈ అంకె దానంతటదే పెరుగుతుంది. 68 ఏళ్లు, బీపీ, చుట్ట అలవాటు ఉన్న మనిషికి 13 రావడంలో నాకైతే వింతేమీ కనపడదు.

అసలు తమాషా ఏమిటంటే, అన్యూరిజం ఉన్నవాళ్లలో ఈ అంకె దారి తప్పిస్తుంది. 1878లో మోయెన్స్, కోర్టెవెగ్ అని ఇద్దరు డచ్చివాళ్లు సూత్రం కట్టారు. గోడ గట్టిపడితే, మందం పెరిగితే అల వేగం పెరుగుతుంది. గొట్టం వెడల్పైతే తగ్గుతుంది. అన్యూరిజంలో గోడ గట్టిపడుతుంది, గొట్టం వెడల్పూ అవుతుంది. ఒకటి పైకి లాగితే రెండోది కిందికి లాగుతుంది. మన పంట కాలవ సన్నగా ఉన్నచోట నీళ్లు జోరుగా పోయి, చెరువులోకి రాగానే నెమ్మదించినట్టు అనుకోకండి, అది నీటి ప్రవాహం. ఇక్కడ పోయేది ఒత్తిడి అల. కానీ ఫలితం మటుకు అలాంటిదే, ఉబ్బిన ముక్కలో అల నిదానించొచ్చు. అందుకని భుజం నుంచి చీలమండ దాకా ఉన్న దారి మొత్తానికీ కలిపి వచ్చిన ఒకే ఒక్క అంకెలోంచి, మధ్యలో ఉన్న నాలుగైదు అంగుళాల పొడవు ఉబ్బు గురించి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఆ కాగితం బీపీ డాక్టర్‌కి చూపించండి, ‘బీపీ కంట్రోల్ చాలట్లేదు’ అన్న మాటకి సాక్ష్యంగా పనికొస్తుంది. అంతే.

ఇప్పుడు మీ బావగారు చదివినదాంట్లో అసలైన మెలిక. గట్టిపడితే పగులుతుంది అని కదా ఎవరైనా అనుకునేది? స్వీడన్‌లో సోనెసన్, లెన్నె వాళ్లు ఎకో-ట్రాకింగ్‌తో చాలామంది పేషెంట్ల ఉబ్బు గట్టిదనాన్ని కొలిచి, తర్వాత ఎవరికి పగిలిందో చూశారు. 1999లో ఫలితం అచ్చయింది. పగిలినవాళ్లకీ పగలనివాళ్లకీ గట్టిదనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2003లో బ్రిటన్ నుంచి విల్సన్ బృందం ఇంకో సంగతి చెప్పింది. ఒక్కసారి కొలవడం కాకుండా అదే మనిషిని కాలం గడిచేకొద్దీ కొలుస్తూ పోతే, ఉబ్బు సాగుడు పెరుగుతున్నవాళ్లకి, అంటే మెత్తబడుతున్నవాళ్లకి, త్వరగా పగిలే ప్రమాదం ఎక్కువగా కనిపించింది. ఆలోచిస్తే అర్థమవుతుంది. ఎలాస్టిన్ పోయాక బరువు మోస్తున్నది కొలాజెన్ బొందు. ఆ బొందు కూడా పోగులు పోగులుగా తెగడం మొదలైతే గోడ మళ్లీ సాగుతుంది. అది మంచికి సాగడం కాదు.

అందుకే ఎవరైనా ఒకే ఒక్కసారి కొలిచి ‘మీది గట్టిగా ఉంది, డేంజర్’ అన్నా, ‘బాగా సాగుతోంది, భయం లేదు’ అన్నా నేను నమ్మను. రెండో మాట ఇంకా ప్రమాదం, జనం చెకప్‌కి రావడం మానేస్తారు.

సైజు మీదే ఎందుకంత నమ్మకం అంటే, దాని వెనక పెద్ద ట్రయల్స్ ఉన్నాయి. 4 నుంచి 5.5 సెం.మీ. మధ్య ఉన్నవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్ చేసి, రెండో గుంపుని స్కానింగ్‌లతో గమనిస్తూ వచ్చారు. బ్రిటన్‌లో చేసినదాని ఫలితం 1998లో, అమెరికాలో చేసినదానిది 2002లో వచ్చింది. రెంట్లోనూ తొందరపడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువ కాలమేమీ బతకలేదు. గమనిస్తున్నవాళ్లలో పగిలింది ఏడాదికి నూటికి ఒకరు, అంతకంటే తక్కువ. అందుకే మగవాళ్లకి 5.5, ఆడవాళ్లకి 5 దగ్గర ఆపరేషన్ మాట ఎత్తుతారు. అంతకు ముందే ఆరు నెలల్లో అర సెంటీమీటరో, ఏడాదిలో సెంటీమీటరో పెరిగితే, లేదా నొప్పి మొదలైతే సైజుతో పని లేకుండా వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) దగ్గరికి పంపిస్తాం.

4.4 అంటే మామూలుగా ఏడాదికోసారి స్కానింగ్. కొత్తగా బయటపడినవాళ్లని మొదటిసారి మాత్రం నేను ఆరు నెలలకే రమ్మంటాను. పెరిగే వేగం ఎంతో ఒక అంచనా దొరుకుతుంది, వాళ్ల టెన్షన్ కూడా కాస్త తగ్గుతుంది.

సైజు కొలవడం కూడా అందరూ అనుకున్నంత తేలిక కాదు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడో నాలుగో ఏడో, ఆమదాలవలస వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వయసుతో ఆయన అయోర్టా వంకర తిరిగి ఉంది. నేను ప్రోబ్‌ని ఏటవాలుగా పట్టి కోసినట్టున్నాను, 5.1 అని రాసి పంపాను. దొండకాయని నిలువుకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తే ముక్క పొడుగ్గా వస్తుంది కదా, అలాగన్నమాట. ఆ ఇంట్లో పెళ్లి ఉంది. రిపోర్టు చూసి ముహూర్తం వాయిదా వేసుకున్నారు. వైజాగ్‌లో సీటీ తీస్తే 4.4. నాతో ఒక్క మాట అనలేదాయన. రెండు రిపోర్టులూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టి కూర్చున్నారు. అప్పటినుంచి నాళానికి సరిగ్గా అడ్డంగా కోసే దాకా కొలవను, రిపోర్టులో ‘బయటి గోడ నుంచి బయటి గోడకి’ అని రాయకుండా వదలను. లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలిస్తే కొన్ని మి.మీ. తక్కువ వస్తుంది. ఈసారి ఒకరు లోపల, వచ్చేసారి ఇంకొకరు బయట కొలిస్తే, పెరగని ఉబ్బు కాగితం మీద పెరిగిపోతుంది. అల్ట్రాసౌండ్ కంటే సీటీలో కూడా సాధారణంగా కాస్త ఎక్కువే వస్తుంది. దాన్నీ దీన్నీ పోల్చి కంగారు పడకండి.

సాగుడు కొలవడానికి సీటీ తీయిద్దామా అని అడిగేవాళ్లకి, ముఖ్యంగా ఉద్దానం వైపువాళ్లకి, ఇంకో మాట. మొన్నామధ్య కవిటి నుంచి కొబ్బరితోట ఉన్న ఒకాయన వచ్చాడు. ఉబ్బు 4.1. ఎవరో ఈసీజీతో జతచేసిన కాంట్రాస్ట్ సీటీ తీయిస్తే గోడ బలం తెలుస్తుందని చెప్పారట. క్రియాటినిన్ చూస్తే 3 దాటి ఉంది, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే, పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ ఆసుపత్రే కట్టి 2023 డిసెంబర్లో మొదలుపెట్టాల్సి వచ్చింది. అలాంటి కిడ్నీల్లోకి, ఏ నిర్ణయాన్నీ మార్చని ఒక అంకె కోసం, కిడ్నీలకి భారమయ్యే కాంట్రాస్ట్ మందు ఎక్కించడం నా ఉద్దేశంలో తప్పు. అల్ట్రాసౌండ్ చాలు. అది సరిగ్గా కనపడకపోతే మందు లేకుండా తీసిన ప్లెయిన్ సీటీలో కూడా సైజు తెలుస్తుంది. ఆపరేషన్ దాకా వచ్చినప్పుడు కాంట్రాస్ట్ తప్పకపోవచ్చు, అప్పుడు కిడ్నీ డాక్టర్‌ని కలుపుకుని చేస్తారు.

మరి సాగే గుణం కొలత దేనికీ పనికిరాదా? అలా అనను. మార్ఫాన్ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుల్లో, సన్నగా పొడుగ్గా ఉండి కంట్లో లెన్స్ పక్కకి జరిగినవాళ్లలో, ఛాతీలోని అయోర్టా గట్టిదనాన్ని ఎకోలో, ఎంఆర్ఐలో గమనిస్తారు. అక్కడ కూడా ప్రధానంగా చూసేది సైజే, కాకపోతే ఈ అంకెకి కాస్త విలువ ఉంది. స్టెంట్ గ్రాఫ్ట్ (ఉబ్బు లోపల అమర్చే గొట్టం) వేసినవాళ్ల విషయం వేరు, గ్రాఫ్ట్ గట్టిది కాబట్టి అల వేగం పెరుగుతుంది, గుండె మీద భారం ఎంత పడుతోందన్నది చూస్తారు. మీ నాన్నగారు ఈ రెంట్లోనూ లేరు.

మీ చేతిలో ఉన్న పనుల్లో మొదటిది చుట్ట. ‘తగ్గించారు’ అని రాశారు. తగ్గించడం కాదు, మానాలి. ఉబ్బు పుట్టడంలోనూ పెరగడంలోనూ పొగాకంత పాత్ర ఇంకే అలవాటుకీ లేదు. మన వైపు ఆడవాళ్లు కూడా అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని, తాగుతారు కదా. నరసన్నపేట దగ్గర్నుంచి ఒక పెద్దావిడ వచ్చేది, ఉబ్బు 3.8. చుట్ట మానమంటే ‘నిప్పు నోట్లోనే ఉంటాది, పొగ బయటికే రాదు, నాకేటవుద్ది బాబూ’ అనేది. ‘పొగ బయటికి రాకపోతే ఎక్కడికి పోతంది మామ్మా’ అని అడిగాను. కాసేపు నా మొహం చూసి, కొంగులోంచి చుట్టల కట్ట తీసి మా కాంపౌండర్ చేతిలో పెట్టింది. తర్వాత ఏడాదికి మళ్లీ వచ్చింది, 3.9. మానిందో లేదో ఆవిడకే తెలియాలి, కానీ పెరుగుదల నిదానంగానే ఉంది.

బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి. ఎండుచేపలు, ఆవకాయ లాంటి ఉప్పు సరుకు తగ్గించాలి. డాక్టర్ ఇస్తే కొలెస్ట్రాల్ మాత్ర కూడా, అది గుండెపోటు రాకుండా. ఇలాంటి ఉబ్బు ఉన్న పేషెంట్లలో అది పగిలి పోయేవాళ్ల కంటే గుండెపోటుతో పోయేవాళ్లే ఎక్కువ. నడవొచ్చు, పొలం వెళ్లి చూసుకోవచ్చు. ధాన్యం బస్తాలు ఎత్తడం, ఊపిరి బిగబట్టి బరువులు లాగడం వద్దు. ఉబ్బుని కరిగించే మాత్ర అని ఎవరైనా అమ్మితే కొనకండి. ప్రొప్రనొలోల్‌తోనూ, డాక్సీసైక్లిన్‌తోనూ ప్రయత్నించి చూశారు, రెండూ ఉబ్బు పెరగడాన్ని ఆపలేకపోయాయి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. విరేచనాలనో, మూత్రంలో మంట అనో మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేసే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్‌ని, వేరే మందు ఉన్నప్పుడు అన్యూరిజం ఉన్నవాళ్లకి వాడొద్దని 2018 డిసెంబర్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీ నాన్నగారి మందుల చీటీ మీద పెద్ద అక్షరాలతో ‘అయోర్టా ఉబ్బు ఉంది’ అని రాయించండి. షాపువాడు చదవకపోయినా డాక్టరు చదువుతాడు.

ఈ లక్షణాలు వస్తే ఆగకండి: ఉన్నట్టుండి పొట్టలోనో నడుములోనో భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం. గ్యాస్ అని సోడా తాగించి కూర్చోవద్దు. ఎడమ పక్క నొప్పి వస్తే కిడ్నీ రాయి నొప్పిలాగే ఉంటుంది, డాక్టర్లు కూడా పొరబడతారు. మీ నాన్నగారిది మొదట రాయి అనుమానంతోనే కదా బయటపడింది, కాబట్టి వచ్చేసారి నొప్పి వస్తే ‘పాత రాయి నొప్పే’ అని మీరే తేల్చేసుకునే అవకాశం ఎక్కువ. క్యాజువాల్టీలో అడుగు పెట్టగానే ‘అయోర్టా అన్యూరిజం ఉంది, 4.4’ అన్న మాట ముందు చెప్పండి, ఆ తర్వాతే నొప్పి ఎక్కడుందో చెప్పండి. 108కి ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే మాట.

వచ్చే స్కానింగ్ వీలైతే మొదటిసారి చేసిన చోటే, ఆ డాక్టర్ దగ్గరే చేయించండి. బయటి గోడ నుంచి బయటి గోడకి కొలిచారా అని అడగండి, అడిగితే తప్పేం లేదు. పాత ఫిల్మ్ తీసుకెళ్లండి. స్కానింగ్ సెంటర్లలో ఇచ్చే ఆ నున్నటి కాగితం బొమ్మలు థర్మల్ ప్రింట్లు. బీరువాలో చీరల కింద పెట్టినా ఏడాది రెండేళ్లకి మసకబారిపోతాయి. ఇప్పుడే, ఈ సాయంత్రమే, కాలిపర్ చుక్కలు కనపడేలా ఫోన్‌తో ఫొటో తీసి మీ బావగారికి కూడా పంపి ఉంచండి.